ఆన్‌లైన్ వ్యాసానికి శీర్షిక పెట్టడం ఎలా? పాఠకులు వెతికే మాటతో మొదలుపెట్టండి

ఆవకాయకు బూజు పట్టడం గురించి మీరు ఒక వ్యాసం రాశారనుకుందాం. మామిడి ముక్కలు తుడిచే గుడ్డ నుంచి జాడీకి కట్టే వాసెన వరకు అన్నీ వివరించి, చివరకు దానికి 'అమ్మమ్మ చేతి రుచి' అని పేరు పెట్టారు. అచ్చు పత్రికలో ఆ పేరు చెల్లుతుంది, ఎందుకంటే పక్కనే బొమ్మ ఉంటుంది, పేజీ తిప్పుతున్న పాఠకుడు దాన్ని చూసి ఆగుతాడు. గూగుల్ ఫలితాల్లో శీర్షికకు అలాంటి తోడు చాలాసార్లు ఉండదు. జాడీ మూత తీయగానే తెల్లటి పొర కనిపించి కంగారుపడినవారు 'ఆవకాయ బూజు' అని వెతుకుతారే తప్ప 'చేతి రుచి' అని వెతకరు.

కాబట్టి కలం పట్టే ముందే ఆ మాటలు తెలుసుకోవాలి. గూగుల్‌లో విషయానికి సంబంధించిన రెండు మాటలు టైపు చేసి ఆగితే, కింద కనిపించే సూచనలు జనం నిజంగా ఎలా అడుగుతున్నారో చెబుతాయి. మీ సైటు ఇప్పటికే నడుస్తుంటే, సైటు యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్ ఇంకా మేలు: ఏ మాటలు వెతికినప్పుడు మీ పేజీ కనిపించిందో, దాన్ని ఎన్నిసార్లు నొక్కారో అందులో ఉంటుంది. మొదటి వరుసల్లోనే కనిపిస్తున్నా ఎవరూ నొక్కని పేజీ ఉంటే, ముందుగా దాని శీర్షికనే అనుమానించాలి.

తెలుగులో మాటను ఎంచుకోవడం మరింత జాగ్రత్తగా చేయవలసిన పని. కొందరికి ఆనపకాయ అయినది మరికొందరికి సొరకాయ. అలాంటప్పుడు మీ పాఠకులు ఎక్కువగా వాడే పేరును శీర్షికలో ఉంచి, రెండోదాన్ని మొదటి పేరాలో చెప్పవచ్చు. భూమి రికార్డుల విషయం వేరు. తెలంగాణలో పహాణీ అనేదాన్ని ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్ అంటారు, వాటిని చూసే వెబ్‌సైట్లు కూడా వేర్వేరు. ఒకే శీర్షికలో రెండింటినీ ఇరికించడం కన్నా రెండు వ్యాసాలు రాయడమే పాఠకుడికి ఉపకారం.

ఇక నిడివి. ఇంగ్లీషు శీర్షికలకు తరచుగా చెప్పే 60 అక్షరాల లెక్క మనకు కుదరదు. 'స్త్రీ' అనే మాట కంటికి ఒక్క అక్షరమే, కానీ కంప్యూటర్ లెక్కలో స, త, ర అనే మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం కలిసి ఆరు. పైగా గూగుల్ శీర్షికను కోసేది తెర మీద అది పట్టే వెడల్పును బట్టి. అందువల్ల లెక్కపెట్టడం మాని, ముఖ్యమైన మాటను ముందుంచి, మిగతాది తెగిపోయినా అర్థం నిలిచేలా రాయండి.

ఆవకాయ వ్యాసానికే మూడు శీర్షికలు రాసి చూద్దాం. 'ఆవకాయ బూజు: కారణాలు, నివారణ' అన్నది తప్పు కాదు, కానీ పాఠ్యపుస్తకంలోని ఉపశీర్షికలా ఉంది. 'ఆవకాయకు బూజు ఎందుకు పడుతుందో తెలిస్తే షాక్ అవుతారు' అన్నది పాఠకుడి కంగారును వాడుకుంటుంది తప్ప ఏమీ చెప్పదు. ఒకసారి నొక్కి మోసపోయినవారు మీ సైటు పేరు కనిపిస్తే తప్పుకుని పోతారు. 'ఆవకాయకు బూజు పట్టిందా? తడి, ఉప్పు, నూనె దగ్గర జరిగే పొరపాట్లు ఇవే' అన్నదాన్ని నేను ఎంచుకుంటాను. ప్రశ్న దగ్గర తెగిపోయినా మొదటి సగం తనంతట తాను నిలబడుతుంది, రెండో సగం లోపల ఏముందో వస్తువుల పేర్లతో సహా చెబుతుంది. అయితే ఉప్పు పాళ్ల గురించి వ్యాసంలో ఒక్క పేరా కూడా లేకపోతే, శీర్షికలోంచి ఆ మాట తీసేయాలి, లేదా ఆ పేరా రాయాలి.

శీర్షికలో సంవత్సరాన్ని చేర్చడంలోనూ ఇదే నిజాయితీ కావాలి: లోపలి సమాచారాన్ని సరిచూడకుండా పైన అంకె మార్చడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే. పేజీ పైన కనిపించే శీర్షిక, వెతుకులాట ఫలితాల్లో కనిపించేందుకు గూగుల్ కోసం విడిగా ఇచ్చే టైటిల్ వేర్వేరుగా ఉండవచ్చు కానీ విషయం ఒకటే కావాలి, ఎందుకంటే మీరిచ్చిన టైటిల్ పేజీకి సరిపోదని తోస్తే గూగుల్ పేజీలోని వేరే మాటలు తీసుకుని చూపిస్తుంది.

పాత వ్యాసానికి శీర్షిక మార్చేటప్పుడు పేజీ చిరునామాను మాత్రం కదిలించకండి. దాన్ని మార్చి, పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి పంపే దారి మళ్లింపు (రీడైరెక్ట్) పెట్టకపోతే ఇతరులు ఇచ్చిన లింకులన్నీ తెగిపోతాయి. మార్చిన తేదీని రాసి పెట్టుకుని, కొన్ని వారాలు గడిచాక సెర్చ్ కన్సోల్‌లో అవే మాటల వరుసను మళ్లీ తెరిచి, పాత అంకెల పక్కన పెట్టి చూడండి.