మందుల పేటెంట్ లెక్క, 4వ పాఠం: గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

పోయినసారి అలర్జీ మాత్ర లోరాటడీన్ ఇచ్చి, అమెరికాలో దాని పేటెంట్ ఎప్పుడు తీరిందో లెక్క కట్టమన్నాను. చాలామంది 2013 అన్నారు. క్లారిటిన్ పేరుతో అక్కడ ఆమోదం వచ్చింది 1993లో కాబట్టి దానికి పేటెంట్ గడువైన ఇరవై ఏళ్లు కలిపేశారు. కొందరైతే ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడం మొదలైన 2002 నుంచి లెక్కపెట్టి 2022కి చేరారు. అందుకే ఈ రోజు చెప్పాల్సిన బ్రాండ్ పేర్ల సంగతి పక్కన పెడుతున్నాను.

ఇరవై ఏళ్లు నడిచేది దరఖాస్తు పెట్టిన రోజు నుంచి. మందు మనుషుల మీద పనిచేస్తుందో లేదో తేలకముందే కంపెనీ దరఖాస్తు పెట్టేస్తుంది. ఆలస్యం చేస్తే ఇంకొకరు ముందు పెడతారన్న భయం. ఆ తర్వాత పరీక్షలు, ఫైళ్లు, ఆమోదం, అన్నీ ఆ ఇరవైలోంచే ఖర్చవుతాయి. లోరాటడీన్ దరఖాస్తు 1980 జూన్‌లో పెట్టారు. అంటే అమెరికాలో ఒక్క మాత్ర అమ్మకముందే పదమూడేళ్లు పోయాయి. మార్కెట్ తేదీకి ఇరవై కలిపితే ఈ పదమూడేళ్లను కంపెనీకి ఉచితంగా ఇచ్చేసినట్టే. దయచేసి ఇవ్వకండి.

సరైన లెక్క ఇది. 1980 జూన్‌కి ఇరవై కలిపితే 2000 జూన్. ఆమోదం కోసం పోయిన కాలానికి పరిహారంగా 1984 చట్టం కొంత పొడిగింపు ఇస్తుంది. మామూలుగా ఐదేళ్ల దాకా రావచ్చు. కానీ చట్టం వచ్చేనాటికే పేటెంట్ చేతికొచ్చి, పరీక్షలు కూడా మొదలైన మందులకు రెండేళ్లే. దాంతో 2002 జూన్. పిల్లల మీద అధ్యయనాలు చేసినందుకు ఇంకో ఆరు నెలలు. ఇది నిజానికి పేటెంట్‌ని పెంచదు, జనరిక్‌లకు ఆమోదం ఇవ్వకుండా ఆపుతుంది. లెక్కకు తేడా లేదు కాబట్టి నేను కలిపేస్తాను. జవాబు 2002 డిసెంబర్.

ప్రిస్క్రిప్షన్ తీసేసింది అంతకు నెల ముందు, నవంబర్‌లో. రెండూ పక్కపక్కన పడ్డాయని ఒకదానివల్ల ఇంకోటి వచ్చిందనుకోవద్దు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మొచ్చా అన్నది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చూసే భద్రత ప్రశ్న. బరువు తగ్గే మందు ఓర్లిస్టాట్ 2007లోనే చీటీ లేకుండా దొరికింది, పేటెంట్ తీరింది 2009లో. వ్యాపార సంబంధం మాత్రం ఉంటుంది లెండి. క్లారిటిన్‌కి చీటీ తీసేయమని 1998లో అడిగింది ఒక ఇన్సూరెన్స్ సంస్థ, అప్పుడు వద్దన్నది తయారీ కంపెనీయే. గడువు దగ్గరపడ్డాక అదే కంపెనీ తనే వెళ్లి అడిగింది.

అభ్యాసం: కడుపులో మంటకు వాడే ఒమెప్రజోల్. అమెరికా దరఖాస్తు 1979 ఏప్రిల్, పేటెంట్ మంజూరు 1981 మార్చి, మందుకు ఆమోదం 1989. రెండేళ్ల పొడిగింపు, పిల్లల ఆరు నెలలు రెండూ ఉన్నాయి. పాత పేటెంట్ చట్టంలో గడువు మంజూరు నుంచి 17 ఏళ్లు. 1995 జూన్ 8 నాటికి బతికున్న పేటెంట్లకు 17, 20లలో ఏది తర్వాత తీరితే అది వర్తిస్తుంది. నెలతో సహా తేల్చండి. మీ జవాబు సరైనదైతే, ఆ తర్వాత ఏడాది దాటితేగానీ మొదటి జనరిక్ ఎందుకు రాలేదన్న ప్రశ్న మిగులుతుంది. ఒమెప్రజోల్ ఆమ్లానికి తట్టుకోలేదు, అందుకే గుళికలకు పూత వేస్తారు. ఆ పూత మీద 2007 దాకా నడిచిన పేటెంట్లు ఉన్నాయి. వాటిని తప్పించుకుని ఒక కంపెనీ 2002లోనే ఎలా వచ్చిందో కోర్టు తీర్పు వెతికి చదివి రాయండి.