కొత్త ఇన్ఫ్యూజన్ పంపు డెమోకి వచ్చిందా? సంతకం పెట్టే ముందు ఈ పరీక్షలు చేయండి

ఇన్ఫ్యూజన్ పంపు అంటే పేషెంటు రక్తనాళంలోకి మందును మనం పెట్టిన రేటులో ఎక్కించే యంత్రం. ఎండీ గారి ఏసీ గదిలో, టేబుల్ మీద, గంటకు 100 ఎంఎల్ రేటుతో నీళ్లు పంపిస్తే ఏ పంపైనా బాగానే నడుస్తుంది. సేల్స్ కుర్రాడు టచ్ స్క్రీన్ మీద వేలు జరుపుతాడు, రంగురంగుల గ్రాఫులు వస్తాయి, అందరూ తలలూపుతారు, ఈలోపు కాఫీలు వస్తాయి. మూడు నెలలయ్యాక ఆ పంపు నా బెంచీ మీదకు వస్తుంది, "సార్, ఇది ఊరికే మోగుతోంది" అనే చీటీతో.

పంతొమ్మిదేళ్లుగా గుంటూరు వైపు ఆసుపత్రుల్లో బయోమెడికల్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. నేను చేరిన కొత్తలో వార్డులో సిస్టర్లు వాచీ చూసుకుంటూ చుక్కలు లెక్కపెట్టేవారు. మామూలు ఐవీ సెట్‌లో 20 చుక్కలు ఒక ఎంఎల్, కాబట్టి గంటకు ఎన్ని ఎంఎల్ పోవాలో దాన్ని మూడుతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుక్కలో వచ్చేస్తుంది. ఈ లెక్క ఇప్పటికీ నేర్చుకుని ఉండండి, కరెంటు పోయిన రోజు పనికొస్తుంది. ఆ తర్వాత ట్యూబును వరసగా వేళ్లతో నొక్కినట్టు నొక్కుతూ మందు తోసే పంపులు వచ్చాయి. ఇప్పుడైతే మందుల పట్టిక (ఏ మందు ఎంతవరకు పోవచ్చో హద్దులు) లోపలే ఉన్నవి, వైఫై ఉన్నవి, లైన్లో ప్రెషర్ ఎంతుందో గీత గీసి చూపించేవి వస్తున్నాయి. వీటిలో కొన్ని నిజంగా ప్రాణాలు కాపాడతాయి. కొన్ని బ్రోచర్‌లోనే బాగుంటాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి నేను చేసే పరీక్షలు రాస్తున్నాను.

డెమో పంపును కనీసం రెండు రోజులు మీ ఐసీయూలో వదిలి వెళ్లమనండి, కానీ పేషెంటుకు పెట్టకండి. ఒక టేబుల్ మీద మీ స్టోర్లో ఉన్న 50 ఎంఎల్, 20 ఎంఎల్ సిరింజిలు, మీరు రోజూ వాడే ఐవీ సెట్లు, ఎక్స్‌టెన్షన్ లైన్లు, ఒక త్రీ వే (లైన్లో మందు దారి మార్చే చిన్న మూడు దారుల కొళాయి), ఒక 1 ఎంఎల్ సిరింజి, సున్నా పాయింట్ ఒకటి గ్రాము వరకు చూపించే చిన్న తూకం, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. వాళ్లు తెచ్చిన సెట్‌తో ఏ పరీక్షా చేయకండి. రేపు మీరు వాడేది అది కాదు.

మొదట లైను మూసి చూడండి

ఈ పరీక్ష నాకు ఒక రాత్రి నేర్పింది. అప్పుడు నేను వేరే ఆసుపత్రిలో ఉన్నాను. ఒక పేషెంటుకు సిరింజి పంపులో, అంటే సిరింజి పిస్టన్ను మెల్లగా తోసే పంపులో, బీపీ పెంచే నారడ్రినలిన్ గంటకు 2 ఎంఎల్ పోతోంది. లైను మార్చాక త్రీ వే పేషెంటు వైపు మూసే ఉండిపోయింది. పంపు మాత్రం పచ్చ లైటుతో నడుస్తూనే ఉంది. బీపీ పడిపోతోంది, కారణం ఎవరికీ అంతుపట్టలేదు. ఎప్పటికో అలారం మోగింది. సిస్టర్ కంగారులో త్రీ వే తిప్పేసింది. అప్పటిదాకా లైన్లో బిగుసుకుని ఉన్న మందంతా ఒక్కసారిగా లోపలికి పోయి బీపీ 220 దాటింది. పేషెంటు బతికాడు. మర్నాడు అదే పంపును బెంచీ మీద పెట్టి లైను మూసి చూశాను. అలారం రావడానికి 21 నిమిషాలు పట్టింది.

పంపు చెడిపోలేదు. లెక్కే అలా ఉంది. లైను మూసుకున్నా పిస్టన్ తోస్తూనే ఉంటుంది. సిరింజి రబ్బరు నొక్కుకుంటుంది, ప్లాస్టిక్ ట్యూబు కాస్త ఉబ్బుతుంది. వీటన్నిటిలో కలిపి అర ఎంఎల్ ఇమిడాక గానీ ప్రెషర్ అలారం గీత దాటదనుకుంటే, గంటకు 1 ఎంఎల్ రేటులో దానికి అరగంట పడుతుంది. అదే గంటకు 100 ఎంఎల్ అయితే 18 సెకన్లు. సేల్స్ కుర్రాడు డెమోలో ట్యూబు మడవగానే "చూశారా సార్, వెంటనే మోగింది" అనేది అందుకే.

కాబట్టి మీరు గంటకు 1 ఎంఎల్ పెట్టండి. త్రీ వే మూయండి. స్టాప్‌వాచ్ నొక్కండి. వెళ్లి టీ తాగి రండి, తొందరేం లేదు. అలారం మోగిన సమయం రాసుకోండి. తర్వాత లైను చివర 1 ఎంఎల్ సిరింజిని, పిస్టన్ తీసేసి, నిలబెట్టి పట్టుకుని త్రీ వే తెరవండి. ఒక్కసారిగా ఎంత వచ్చిందో గీతల మీద కనిపిస్తుంది. బిగిసిన మందు వదిలిన మోతాదు అంటే అదే. కొత్త పంపుల్లో అలారం రాగానే మోటారు కొంచెం వెనక్కి తిరిగి ప్రెషర్ దించే ఏర్పాటు ఉంటుంది. ఉందని వాళ్లు చెప్తే నమ్మొద్దు. ఈ సిరింజిలో ఎంత తగ్గిందో చూసి నమ్మండి.

ఇదే పరీక్ష 20 ఎంఎల్ సిరింజితో మళ్లీ చేయండి. మామూలుగా అలారం తొందరగా వస్తుంది, ఎందుకంటే చిన్న సిరింజిలో రబ్బరు నొక్కుకునే చోటు తక్కువ. అలారం ప్రెషర్ను తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు స్థాయుల్లో పెట్టుకునే వీలుంటే మూడూ చూడండి. తక్కువలో పెడితే తొందరగా మోగుతుంది గానీ పేషెంటు మోచెయ్యి మడిచినా మోగుతుంది. నా మట్టుకు, బీపీ మందులకు ఆ గోల భరించడమే మేలు.

లైన్లో ప్రెషర్ను ఎప్పటికప్పుడు గీతగా చూపించే స్క్రీన్ ఉంటే దానికి డబ్బు పెట్టొచ్చు. గీత పైకి పోతుండటం పది నిమిషాల ముందే కనిపిస్తుంది. ఇక ఏ పంపైనా సరే, అలారం మోగాక ముందు త్రీ వేను పేషెంటు వైపు కాకుండా పక్క దారికి తిప్పి ప్రెషర్ వదిలేసి, ఆ తర్వాతే పేషెంటు వైపు తెరవాలని సిస్టర్లకు చెప్పి పెట్టండి.

తక్కువ రేటులో మొదటి చుక్క ఎప్పుడు వచ్చింది?

సిరింజిని బిగించి గంటకు 1 ఎంఎల్‌తో స్టార్ట్ నొక్కండి. పిస్టన్ తలకూ పంపు పట్టుకూ మధ్య కాస్త సందు ఉంటుంది కదా, ఆ సందు నిండేదాకా మోటారు తిరుగుతుంది గానీ మందు కదలదు. లైను చివర మొదటి చుక్క రావడానికి ఎన్ని నిమిషాలో రాసుకోండి. ఇప్పుడు లైను విడిగా ఉంచి పర్జ్ (పిస్టన్ను వేగంగా ముందుకు తోసే మీట) నొక్కి, ఆ సందు తీసేసి, మళ్లీ చేయండి. రెండిటికీ తేడా చూస్తే సిరింజి మార్చినప్పుడల్లా బీపీ ఎందుకు ఊగుతోందో అర్థమవుతుంది. నారడ్రినలిన్ ఒంట్లో రెండు మూడు నిమిషాలే పనిచేస్తుంది. పది నిమిషాల ఖాళీ దానికి చాలా పెద్దది. పిస్టన్ను తానే వెళ్లి తాకి ఆగే పంపులు ఇప్పుడు ఉన్నాయి. ఒక సిరింజి అయిపోతుండగానే పక్క పంపు అందుకునేవీ ఉన్నాయి. వెంటిలేటర్ కేసులు ఎక్కువ చూసే చోట ఈ రెండో రకం అవసరమే. మామూలు వార్డుకు అక్కర్లేదు.

అలాగే నడుస్తుండగా పంపును స్టాండు మీద అరమీటరు పైకి జరపండి. లైను చివర కాస్త మందు అదనంగా బయటికి వస్తుంది. కిందికి దించితే కాసేపు ఏమీ రాదు. ఇది దాదాపు ప్రతి సిరింజి పంపులోనూ ఉంటుంది, ఎంత అనేదే తేడా. అందుకే సిరింజి పంపును పేషెంటు గుండె ఎత్తులోనే ఉంచమంటారు.

ఇంకోటి. సిరింజి పెట్టగానే స్క్రీన్ మీద కంపెనీ పేరు అడుగుతుంది. డిస్పోవాన్ సిరింజి పెట్టి బీడీ (BD) కంపెనీ అని నొక్కితే రేటు తప్పుతుంది, ఎందుకంటే 50 ఎంఎల్ అని రాసి ఉన్నా లోపలి వ్యాసం కంపెనీకో రకంగా ఉంటుంది. పంపుకు పిస్టన్ ఎంత దూరం తోశానన్నదే తెలుసు, మందు ఎంత పోయిందో తెలియదు. మీ స్టోర్లోని సిరింజి పేరు ఆ జాబితాలో లేకపోతే అక్కడికక్కడే క్యాలిబ్రేట్ చేసి చూపించమనండి. "తర్వాత ఇంజినీరు వచ్చి చేస్తాడు" అంటే, ఆ తర్వాత అనేది ఎప్పుడో నాకు బాగా తెలుసు.

తూచి చూడటం

ట్యూబును వేళ్లతో నొక్కినట్టు నొక్కే పెద్ద పంపుకు గంటకు 60 ఎంఎల్ పెట్టి అరగంట నడపండి. తూకం మీద గిన్నెలో 30 గ్రాములు రావాలి. నీటికి ఎంఎల్ అంటే గ్రామే అనుకోవచ్చు. ఐదు శాతం అటూ ఇటూ అంటే 28.5 నుంచి 31.5 వరకు సరే. తర్వాత గంటకు 5 ఎంఎల్‌తో రెండు గంటలు. ఇప్పుడు గిన్నెలో నీటి మీద కొంచెం నూనె పొర వేయండి, లేకపోతే ఏసీ గాలికి నీరు ఆవిరై లెక్క తప్పుతుంది.

అసలు సంగతి రెండో రోజు బయటపడుతుంది. అదే సెట్‌ను అదే చోట 24 గంటలు నడిపించి మళ్లీ తూచండి. వేళ్లు నొక్కి నొక్కి ట్యూబు చదునైపోతుంది, మళ్లీ గుండ్రంగా రాదు, రేటు పడిపోతుంది. పంపుకోసమే చేసిన సెట్లలో ఆ ముక్క మెత్తటి సిలికాన్‌తో ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. కానీ ఆ సెట్ ధర మామూలు సెట్‌కు కొన్ని రెట్లు. మన దగ్గర చాలా ఆసుపత్రులు ఏ సెట్ అయినా పట్టే పంపే కావాలంటాయి, అందులో తప్పు లేదు. అలా అయితే ట్యూబును ఎన్ని గంటలకోసారి జరపాలో మాన్యువల్ చూసి, పంపు మీదే చీటీ అంటించండి.

తలుపు తీయండి, గాలి ఎక్కించండి

సెలైన్ బాటిల్‌ను మీటరు ఎత్తులో వేలాడదీసి, రోలర్ క్లాంప్ (ట్యూబు మీద చక్రం జరిపి మూసే బిళ్ల) పూర్తిగా తెరిచి, పంపు తలుపు తీయండి. చుక్క కూడా పడకూడదు. ఇప్పుడు ట్యూబును పంపులోంచి పూర్తిగా బయటికి లాగండి. ప్రత్యేక సెట్‌కు ఉండే క్లిప్ తనంతట తానే మూసుకోవాలి. మామూలు సెట్ అయితే ధార కడుతుంది, అది పంపు తప్పు కాదు. అక్కడ రోలర్ మూసే అలవాటు ఒక్కటే దిక్కు.

గాలి బుడగ పరీక్షకు 1 ఎంఎల్ సిరింజితో లైన్లోకి 0.1 ఎంఎల్ గాలి ఎక్కించండి. ట్యూబుకు ఒక పక్క నుంచి అల్ట్రాసౌండ్ పంపి రెండో పక్క అందుకునే సెన్సర్ అది. గాలి వస్తే శబ్దం దాటదు, పంపు ఆగుతుంది. తర్వాత ఒక చుక్క డెక్స్‌ట్రోజ్ (చక్కెర ఉన్న సెలైన్ లాంటిది) సెన్సర్ మీద వేసి ఎండనిచ్చి మళ్లీ నడపండి. లేని గాలికి మోగుతుందేమో చూడండి. నా బెంచీకి వచ్చే "ఊరికే మోగుతోంది" పంపుల్లో చాలావాటిని నేను తడి గుడ్డతో తుడిచి వెనక్కి పంపిస్తాను.

మందుల పట్టిక

ఇక్కడే కొత్త పంపులు పాతవాటిని దాటాయి. అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏకు 2005 నుంచి 2009 వరకు ఇన్ఫ్యూజన్ పంపుల మీద దాదాపు 56,000 ఫిర్యాదులు వచ్చాయి, 87 సార్లు కంపెనీలు పంపులను వెనక్కి తీసుకోవడమో సరిచేయడమో చేయాల్సి వచ్చింది. కారణాల్లో సాఫ్ట్‌వేర్ తప్పులు, అర్థంకాని స్క్రీన్లు, బ్యాటరీలు అన్నీ ఉన్నాయి. ఒకసారి నొక్కిన మీట రెండుసార్లు నొక్కినట్టు పడటం కూడా వాటిలో ఒకటి. 10 నొక్కితే 100 పడిందనుకోండి, ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

పరీక్ష ఇలా. నారడ్రినలిన్ 4 మిల్లీగ్రాములు 50 ఎంఎల్‌లో, పేషెంటు బరువు 60 కిలోలు, కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము అని పెట్టండి. గంటకు 4.5 ఎంఎల్ అని రావాలి. చేత్తో కూడా కట్టి చూడండి. ఇప్పుడు 0.1 బదులు 1 కొట్టండి. 45 ఎంఎల్ అని ఏమీ అనకుండా మొదలైపోతే ఆ పట్టిక అలంకారమే. హద్దు దాటినప్పుడు హెచ్చరించి వదిలేసే గీత ఒకటి, అసలు కదలనివ్వని గీత ఒకటి, రెండూ పెట్టుకునే వీలు ఉండాలి. ఆ అంకెలు మీ ఐసీయూ డాక్టర్లు రాసివ్వాలి, సేల్స్ కుర్రాడు కాదు. ఆ పట్టికను పక్కన పెట్టేసి నేరుగా ఎంఎల్ రేటు కొట్టే దారి ఎంత సులువో కూడా చూడండి. మరీ సులువైతే నైట్ డ్యూటీలో అందరూ ఆ దారే పడతారు.

మందు అయిపోయాక పంపు తనంతట తాను దిగే చిన్న రేటు ఎంతో కూడా అడిగి రాసుకోండి. సెలైన్‌కు అది మంచిదే. బీపీ మందు మాత్రం 8 ఎంఎల్ నుంచి 1 ఎంఎల్‌కు దిగిపోతే కష్టం. అయిపోవడానికి ఎన్ని నిమిషాల ముందు చెప్తుందో అదే ముఖ్యం.

సిస్టర్ చేతికివ్వండి

రాత్రి పదకొండు తర్వాత, ట్రైనింగ్ ఇవ్వకుండా, గ్లౌజులతో, ఒక సిస్టర్‌కు పంపు ఇచ్చి మూడు పనులు చెప్పండి: సిరింజి పెట్టి మొదలుపెట్టడం, రేటు మార్చడం, అలారం ఎందుకు మోగిందో చెప్పడం. మీరు నోరు మెదపకండి. ఒకసారి నేనిలా ఇస్తే మా ఇన్‌ఛార్జి సిస్టర్ రెండు నిమిషాలు స్క్రీన్ చూసి, "బాబూ, స్టాప్ ఎక్కడుంది ఇందులో?" అంది. మూడు మెనూల లోపల ఉంది. ఆ పంపు కొనలేదు.

చీకట్లో ఆరడుగుల దూరం నుంచి రేటు చదవగలమా, 2.5లో చుక్క కనిపిస్తోందా, 25లా ఉందా అనేది కూడా అప్పుడే చూసేయండి.

బ్యాటరీకి నేను చేసేది ఒక్కటే: పూర్తిగా ఎక్కించి, ప్లగ్గు పీకి, ఆగేదాకా వదిలేస్తాను. బ్రోచర్ గంటలు ఒక రేటుకు లెక్కేసినవి, వైఫై ఆపేసి ఉండొచ్చు కూడా. వైఫై విషయానికొస్తే, 2015లో ఒక పంపును నెట్‌వర్క్ ద్వారా బయటివాళ్లు మార్చగలరని తేలి దాన్ని వాడొద్దని ఎఫ్‌డీఏ చెప్పింది. మీ ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసే మనిషి లేకపోతే ఆ సౌకర్యం ఆపేసి ఉంచండి, పట్టికను యూఎస్‌బీతో మార్చుకునే వీలుందేమో అడగండి.

ఇవన్నీ అయ్యాక మీరు రాసుకున్న నిమిషాలు, గ్రాములు ఉన్న కాగితాన్ని పర్చేజ్ ఆర్డర్‌కు జతచేయించండి. ఆర్డర్‌లోనే బ్యాటరీ ధర, తలుపు గొళ్లెం ధర, సర్వీస్ పాస్‌వర్డ్ మనకు ఇస్తారా లేదా, కొత్త సిరింజి వస్తే క్యాలిబ్రేషన్‌కు డబ్బు తీసుకుంటారా అనేవి రాయించండి. తలుపు గొళ్లెం ఎందుకంటే, మొదట విరిగేది అదే.