వైరస్ లేని అటాచ్‌మెంట్‌ను మెయిల్ అడ్డుకుంటే ఏం చేయాలి?

ఆడిటర్ గారి ఆఫీసు నుంచి వచ్చే జీతాల ఎక్సెల్ ఫైలు ప్రతి నెలా సవ్యంగానే తెరుచుకుంటూ ఉంటుంది. ఉన్నట్టుండి ఒక నెల ‘ఇందులో వైరస్ ఉంది’ అన్న ఎర్ర హెచ్చరిక వస్తుంది. ఫోన్ చేస్తే అటువైపు వారు ‘మా ఫైలులో ఏమీ లేదండీ, ఒక్కసారి యాంటీవైరస్ ఆపేసి తెరవండి’ అంటారు. ఆ ఒక్క పని మాత్రం చేయకండి. హెచ్చరిక పొరపాటు అయ్యే అవకాశం నిజంగానే ఉంది, కానీ ముందు అది పొరపాటేనని తేల్చుకోవాలి, ఆ తరువాతే ఫైలును దాటించే దారి వెతకాలి. చాలామంది ఈ వరుసను తిరగేస్తారు.

1. అడ్డుకున్నది ఎవరో గుర్తించండి

సగం గందరగోళం ఇక్కడే తేలిపోతుంది. జీమెయిల్‌లో ఫైలు జోడించగానే ‘భద్రతా కారణాల వల్ల నిరోధించాం’ అన్న అర్థం వచ్చే సందేశం కనిపిస్తే, చాలాసార్లు వైరస్ దొరికిందని కాదు, ఆ రకం ఫైలునే ఆ సేవ అనుమతించదని అర్థం. ఈఎక్స్‌ఈ, బ్యాట్, ఎంఎస్‌ఐ, ఏపీకే వంటి ప్రోగ్రాము ఫైళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. జావాస్క్రిప్ట్ ఫైళ్లు 2017 ఫిబ్రవరి 13 నుంచి వాటిలో చేరాయి. జిప్‌లో పెట్టి పంపినా లోపలికి చూసి మరీ ఆపుతుంది.

మెయిల్ వెళ్లినట్టే వెళ్లి తిరిగొచ్చిందనుకోండి, ఆ తిరుగు టపా అడుగున ఉండే అంకెలను చదవండి. 552-5.7.0 అని ఉంటే భద్రతా కారణంతో ఆపారని, 552-5.3.4 అని ఉంటే పరిమాణం మించిందని అర్థం. రెండింటికీ మొదట 552 ఉండటంతో, 25 ఎంబీ దాటిన పెళ్లి ఫోటోల జిప్‌ను కూడా వైరస్ అనుకొని కంగారుపడేవారు ఉన్నారు. మెయిల్ చేరి, ఫైలు దించుకున్నాకే మాయమైతే, ఆ పని మీ కంప్యూటర్‌లోని యాంటీవైరస్‌ది. అసలు మెయిలే రాకపోతే ఆఫీసు మెయిల్ వడపోత దానిని క్వారంటైన్‌లో, అంటే అనుమానం ఉన్నవాటిని వేరుగా బంధించి ఉంచే చోట, పెట్టి ఉండవచ్చు. మైక్రోసాఫ్ట్ 365 వాడే ఆఫీసుల్లో, మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) అని ముద్ర పడిన మెయిల్‌ను సాధారణంగా అడ్మిన్ మాత్రమే విడుదల చేయగలరు కాబట్టి మీ ప్రయత్నం అక్కడితో ఆపి వారికి చెప్పండి.

2. పంపినవారికి ఫోన్ చేయండి

అదే మెయిల్‌కు జవాబు రాసి అడగడం సరిపోదు, ఎందుకంటే వారి మెయిల్‌బాక్సే దొంగల చేతిలో ఉంటే జవాబిచ్చేదీ దొంగలే. 2021 జనవరిలో అనేక దేశాల పోలీసులు కలిసి దెబ్బతీసినా అదే ఏడాది నవంబరులో మళ్లీ తలెత్తిన ఎమోటెట్ అనే మాల్‌వేర్, బాధితుల పాత మెయిల్ సంభాషణలను దొంగిలించి, వాటికి కొనసాగింపుగానే విషపు ఫైళ్లను పంపేది. తెలిసినవారి పేరు కనిపించడం సాక్ష్యం కాదు. ఫైలు పేరేమిటి, ఎంత పరిమాణం, ఎప్పుడు పంపారు అన్న మూడు ప్రశ్నలు చాలు.

3. హెచ్చరికలోని పేరును చదవండి

యాంటీవైరస్ చూపే పేరులో ‘జెన్’, ‘హ్యూర్’, ‘సస్పిషస్’ వంటి మాటలుంటే, తెలిసిన వైరస్‌ను పట్టుకున్నట్టు కాదు, ఫైలు తీరు చూసి అనుమానించినట్టు. మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఇచ్చే పేరు చివర ‘!ఎంఎల్’ ఉంటే ఆ అనుమానం మెషిన్ లెర్నింగ్‌ది. పొరపాట్లు ఎక్కువగా ఈ కోవలోనే దొరుకుతాయి. పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి: మనం నొక్కే ప్రతి కీని మధ్యలో అందుకొని అక్షరంగా మార్చడం దాని పని, పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ కూడా ప్రతి కీనీ అలాగే అందుకుంటుంది. అలాగని అనుమానపు పేరు ఉన్నంత మాత్రాన ఫైలు మంచిదని తేలిపోదు.

4. రెండో అభిప్రాయం తీసుకోండి

2004లో స్పెయిన్‌లో మొదలై 2012లో గూగుల్ చేతికి వచ్చిన వైరస్‌టోటల్, ఒక ఫైలును డెబ్బైకి పైగా యాంటీవైరస్‌లకు చూపి ఫలితం చెబుతుంది. అయితే అక్కడ పెట్టిన ఫైలు భద్రతా సంస్థలకూ చందాదారులకూ అందుబాటులోకి వెళుతుంది కనుక, పాన్, ఆధార్, జీతాల వివరాలున్న పత్రాలను అప్‌లోడ్ చేయకూడదు. దానికి బదులు ఫైలు హ్యాష్‌ను, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరుసను, వెతకండి. విండోస్‌లో పవర్‌షెల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి, గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) కమాండ్ తరువాత ఫైలు ఉన్న చోటు ఇస్తే 64 అక్షరాల వరుస వస్తుంది. దానినే వైరస్‌టోటల్ వెతుకు పెట్టెలో అతికించాలి. ఫైలు మీ దగ్గరికి చేరకపోతే పంపినవారినే ఈ పని చేయమనండి.

ఒకటి రెండు ఇంజిన్లు (అక్కడి యాంటీవైరస్‌లు) మాత్రమే, అదీ అనుమానపు పేర్లతో, ఎర్రగా చూపితే పొరపాటయ్యే అవకాశం ఎక్కువ. ఇరవై ఇంజిన్లు చూపితే వాదన అనవసరం, ఫైలును తొలగించండి. ఏ వివరమూ దొరకకపోతే, ఆ ఫైలును ఇంతవరకు ఎవరూ అక్కడ పెట్టలేదని మాత్రమే అర్థం.

5. ఫైలు రూపం మార్చి పంపించుకోండి

మన ఆఫీసుల్లో ఎక్కువ తగాదా ఎక్సెల్‌తోనే. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం ఫైలులో మాక్రోలు, అంటే ఫైలులోనే ఉండి నడిచే చిన్న ప్రోగ్రాములు, ఉంటాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలో అవి ఉన్నాయో లేవో పేరు చూసి చెప్పలేము, అందువల్ల వడపోతలు రెండింటినీ అనుమానిస్తాయి. పంపేవారు ‘సేవ్ యాజ్’లోకి వెళ్లి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా భద్రపరిస్తే మాక్రోలు రాలిపోతాయి, లెక్కలు, సూత్రాలు మిగులుతాయి. చూడటానికే అయితే పీడీఎఫ్ చాలు. ఫైలు పేరులో ‘జీతాలు.పీడీఎఫ్.జిప్’ అన్నట్టు రెండు పొడిగింపులు ఉంటే మధ్యలో ఉన్నది తీసేయండి, మోసగాళ్లు వాడే పద్ధతి అది.

జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టి పంపడం అందరికీ తట్టే ఉపాయమే కానీ, నా లెక్కలో అది చెడ్డ ఉపాయం. లోపలేముందో చూడలేని జిప్‌ను చాలా ఆఫీసుల వడపోతలు ఆ కారణంతోనే ఆపేస్తాయి. మాల్‌వేర్ పంపేవారు జిప్‌కు తాళం వేసి, తాళంచెవిని అదే మెయిల్‌లో రాయడం ఏళ్ల తరబడి నడుస్తున్న ఎత్తు. ఇన్‌స్టాలర్లయితే మెయిల్‌లో పంపకుండా, తయారీదారు వెబ్‌సైట్ లింకు ఇవ్వడమే సరైనది.

6. క్వారంటైన్ నుంచి తెచ్చుకోండి, తప్పును తెలియజేయండి

పై తనిఖీలన్నీ అనుకూలంగా తేలాకే ఈ అడుగు. ముందు యాంటీవైరస్‌ను అప్‌డేట్ చేసి మళ్లీ స్కాన్ చేయండి, చాలా పొరపాట్లు తరువాతి అప్‌డేట్‌లోనే సర్దుకుంటాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ ఇచ్చిన 5958 నంబరు అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణమైన ఎస్‌వీసీహోస్ట్ ఫైలునే వైరస్ అని పట్టుకొని కంప్యూటర్లను స్తంభింపజేసినప్పుడు కూడా దానిని చక్కదిద్దడానికి కొత్త అప్‌డేట్ రావలసి వచ్చింది.

అప్పటికీ హెచ్చరిక పోకపోతే, విండోస్ సెక్యూరిటీలోని ‘ప్రొటెక్షన్ హిస్టరీ’లో ఆ ఫైలు పేరు దగ్గర ‘యాక్షన్స్’ నొక్కి ‘రిస్టోర్’ ఎంచుకోండి. యాంటీవైరస్ స్కాన్ నుంచి మినహాయింపు ఇవ్వక తప్పకపోతే ఆ ఒక్క ఫైలుకే ఇవ్వండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తానికి ఇస్తే రేపు దిగే నిజమైన వైరస్‌కూ తలుపు తీసినట్టే. తరువాత మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఇంటెలిజెన్స్ వెబ్‌సైట్‌లో, లేదా మీ యాంటీవైరస్ సంస్థ ఇచ్చిన చోట, ‘తప్పుగా గుర్తించారు’ అన్న కారణంతో నమూనాను పంపండి. ఇక్కడ కూడా వ్యక్తిగత వివరాలు చెరిపేసిన ప్రతినే పంపడం మంచిది, అయితే చెరిపిన తరువాత కూడా హెచ్చరిక వస్తోందో లేదో ముందుగా చూసుకోవాలి. సంస్థ తప్పును సరిదిద్దినట్టు జవాబిచ్చాక మీరు పెట్టిన మినహాయింపును తీసేసి, అదే ఫైలును ఇంకొకసారి స్కాన్ చేయండి.