సిగ్నల్ అందని ఊరికి ట్యాబ్‌ను సిద్ధం చేయడం ఎలా?

అమ్రాబాద్, పదర వైపు నల్లమల అంచు ఊళ్లలో, దేవరకొండ అవతలి కొన్ని తండాల్లో సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. అక్కడి పిల్లల చేతికి ఆండ్రాయిడ్ ట్యాబ్ ఇచ్చి, “డౌన్‌లోడ్ చేసుకో బిడ్డా” అంటే పని కాదు. పుస్తకాలు, యాప్‌లు అన్నీ ముందే ఎక్కించి ఇవ్వాలి. ఒక్క ట్యాబ్ అయితే వేలితో నొక్కుకుంటూ చేసేయొచ్చు. బడి మొత్తానికి చేయాలంటే మాత్రం కంప్యూటర్‌కు కలిపి కమాండ్లతో చేయడమే మేలు. అందుకు పనికొచ్చేది ఏడీబీ, అంటే కంప్యూటర్ నుంచి ట్యాబ్‌కు కమాండ్లు పంపే చిన్న ప్రోగ్రామ్. గూగుల్ దీన్ని ఉచితంగా ఇస్తుంది.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో నెట్ బాగున్న చోట కూర్చుని, కావాల్సినవన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఒక్కసారే దించుకోండి. ఆండ్రాయిడ్ డెవలపర్ల సైట్‌లో ‘ప్లాట్‌ఫామ్ టూల్స్’ అనే జిప్ ఫైల్ ఉంటుంది, ఏడీబీ అందులోనే ఉంది. దాంతోపాటు పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు తీసుకోండి. నెట్ లేకుండా వికీపీడియాను చూపించే కివిక్స్ యాప్‌ను వాళ్ల సొంత సైట్ నుంచి ఏపీకే ఫైల్‌గా (ఆండ్రాయిడ్ యాప్‌ను ఎక్కించే ఫైల్), తెలుగు వికీపీడియాను జిమ్ ఫైల్‌గా (కివిక్స్ తెరిచే ఫైల్) దించుకోండి. నెట్ లేకుండా వికీపీడియా చదువుకోవడం ఆ పిల్లలకు ఎంత పెద్ద విషయమో చెప్పలేను. ఇది మాత్రం వదలకండి.

ఇక ట్యాబ్ సంగతి. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ట్యాబ్లెట్’ కింద బిల్డ్ నంబర్‌ను 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్, అంటే కేబుల్ ద్వారా కంప్యూటర్ కమాండ్లు తీసుకునే సౌకర్యం, ఆన్ చేసి, కేబుల్ కలపండి.

విండోస్‌లో జిప్ విప్పిన ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల తెర వస్తుంది. కమాండ్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ముందు ‘ఏడీబీ డివైసెస్’. ట్యాబ్ సీరియల్ నంబర్ పక్కన ‘అనథరైజ్డ్’ అని వస్తే టెన్షన్ పడకండి, ట్యాబ్ తెర మీద అనుమతి అడుగుతోందని అర్థం. అక్కడ ‘అలౌ’ నొక్కి మళ్లీ కొడితే ‘డివైస్’ అని వస్తుంది. అసలేమీ కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. ఛార్జింగ్ తప్ప డేటా పోని కేబుళ్లు చాలా ఉంటాయి.

యాప్ ఎక్కించడానికి ‘ఏడీబీ ఇన్‌స్టాల్’ అని కొట్టి ఖాళీ వదిలి, ఏపీకే ఫైల్‌ను మౌస్‌తో లాగి నల్ల తెర మీద వదలండి. దాని చిరునామా అదే పడుతుంది, ఎంటర్ నొక్కడమే. పుస్తకాల ఫోల్డర్‌కు ‘ఏడీబీ పుష్’ కొట్టి, ఫోల్డర్‌ను అలాగే లాగి వదిలి, ఖాళీ ఇచ్చి, చివర స్లాష్ ఎస్‌డీకార్డ్ స్లాష్ అని రాయాలి. పేరు ఎస్‌డీకార్డ్ అయినా అది ట్యాబ్ లోపలి మెమరీయే. జిమ్ ఫైల్‌నూ ఇలాగే పంపండి.

అక్కర్లేని యాప్‌ల దగ్గర మాత్రం నిదానంగా ఉండాలి. ‘ఏడీబీ షెల్ పీఎం లిస్ట్ ప్యాకేజెస్’ కొడితే ట్యాబ్‌లోని అన్ని యాప్‌ల అసలు పేర్లు వస్తాయి. ఆటలు, షాపింగ్ యాప్‌లు తీసేయాలంటే ‘ఏడీబీ షెల్ పీఎం అన్‌ఇన్‌స్టాల్’, ఖాళీ, రెండు హైఫన్లు, వాటికి ఆనుకుని యూజర్, ఖాళీ, 0, ఖాళీ, ఆ యాప్ పేరు. పేరులో సిస్టమ్‌యూఐ, లాంచర్, కీబోర్డ్ లాంటి మాట కనబడితే ముట్టుకోవద్దు. కంపెనీ పెట్టిచ్చిన యాప్‌ను పొరపాటున తీసేస్తే ‘ఏడీబీ షెల్ సీఎండీ ప్యాకేజ్ ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్’ (హైఫన్‌కు అటూ ఇటూ ఖాళీ వద్దు) తర్వాత ఖాళీ ఇచ్చి దాని పేరు కొట్టండి, యాప్ తిరిగొస్తుంది. అలాంటి యాప్‌లు తీసినందువల్ల జాగా పెద్దగా మిగలదు. కానీ వెనకాల నడవకుండా ఆగుతాయి, పిల్లల కంట పడవు. అది చాలు.

ఒక ట్యాబ్ మీద అన్నీ సరిగ్గా పనిచేశాక, అవే కమాండ్లను నోట్‌ప్యాడ్‌లో వరుసగా రాసి, ఏడీబీ ఉన్న ఫోల్డర్‌లోనే బ్యాట్ ఫైల్‌గా (పేరు చివర చుక్క పెట్టి ఇంగ్లిష్‌లో బ్యాట్ అని రాసి) సేవ్ చేయండి. తర్వాతి ట్యాబ్‌లలో డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ కలిపి, అనుమతిచ్చి, ఆ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేస్తే సరిపోతుంది. ఒక్కో ట్యాబ్‌నే కలపండి. రెండు కలిస్తే దేనికి పంపాలో తెలియక ఏడీబీ ఆగిపోతుంది.

ఇచ్చే ముందు డీబగ్గింగ్ ఆఫ్ చేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ప్రతి ట్యాబ్‌లో ఒక పుస్తకం, ఒక వికీపీడియా వ్యాసం తెరిచి చూడండి.