ఎన్ఎఫ్ఎల్ ఛాంపియన్ల జాబితా తికమక పడకుండా చదవడం ఎలా

ఎన్ఎఫ్ఎల్ అంటే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్. ముందు ఒక చిన్న ప్రశ్న. 1969లో అమెరికన్ ఫుట్‌బాల్ ఛాంపియన్ ఎవరు? మా స్నేహితుల మధ్య దీని మీద ఒకసారి గంటసేపు గొడవ జరిగింది. నేను న్యూయార్క్ జెట్స్ అన్నాను, ఇంకొకడు కాదు కాన్సాస్ సిటీ చీఫ్స్ అన్నాడు, మూడోవాడు ఫోన్ మా ముందు పెట్టి ఇదిగో చూడండి మిన్నెసోటా వైకింగ్స్ అన్నాడు. తమాషా ఏంటంటే ముగ్గురి దగ్గరా ఆధారం ఉంది, ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అప్పుడు అర్థమైంది, ఇది ఒక జాబితా కాదు, నాలుగు జాబితాలు తెచ్చి అతికించినది అని. బట్టీ పట్టి లాభం లేదు, అతుకులు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఏడాది సంగతి. ఈ ఆట సీజన్ సెప్టెంబరులో మొదలై తర్వాతి ఏడాది జనవరిలోనో ఫిబ్రవరిలోనో ముగుస్తుంది. రికార్డుల్లో మాత్రం సీజన్ మొదలైన ఏడాదే రాస్తారు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగల్స్ 40-22తో చీఫ్స్‌ని చిత్తు చేసిన మ్యాచ్ ఉంది కదా, అది 2024 సీజన్ ఛాంపియన్‌షిప్. ఒక చోట 2024 అని, ఇంకో చోట 2025 అని కనిపిస్తే రెండూ ఆ ఒక్క మ్యాచ్ గురించే. దీనికి తోడు సూపర్ బౌల్‌కి, అంటే ఇప్పటి ఫైనల్‌కి, రోమన్ అంకెలు పెడతారు, ఎల్ అంటే 50, ఎక్స్ అంటే 10 అని లెక్కేసుకోవాలి. 50వ సూపర్ బౌల్‌కి ఒక్కదానికే మామూలు అంకె వాడి మళ్ళీ రోమన్‌కే వెళ్ళిపోయారు. నేను వాడే లెక్క చెప్తాను, ఇంక ఎప్పుడూ వెతుక్కోనక్కర్లేదు. సూపర్ బౌల్ నంబరుకి 1965 కలిపితే సీజన్ వస్తుంది, 1966 కలిపితే మ్యాచ్ ఆడిన ఏడాది వస్తుంది. ఈగల్స్ గెలిచింది 59వది, 59కి 1965 కలిపితే 2024. సరిపోయిందా?

ఇక జాబితాని నాలుగు ముక్కలుగా కోయండి. 1920 నుంచి 1932 దాకా ఒకటి, 1933 నుంచి 1965 దాకా రెండోది, 1966 నుంచి 1969 దాకా మూడోది, 1970 నుంచి ఇప్పటిదాకా నాలుగోది. చాలామంది నాలుగోదానితో మొదలుపెడతారు. నేనైతే మొదటి ముక్కతోనే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అసలు మజా అంతా అక్కడే ఉంది.

1920లో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో, ఒక కార్ల షోరూంలో కూర్చుని లీగ్ పెట్టారు. అప్పటి స్టార్ జిమ్ థార్ప్ దానికి మొదటి అధ్యక్షుడు. ఎన్ఎఫ్ఎల్ అనే పేరు 1922లో వచ్చింది. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, అప్పట్లో ఫైనల్ అనేదే లేదు. సీజన్ అయిపోయాక గెలుపు శాతం చూసి, మీటింగ్ పెట్టి, ఫలానా టీం ఛాంపియన్ అని తేల్చేసేవాళ్ళు. మొదటి ఏడాది ఒక్క ఓటమీ లేని ఆక్రన్ ప్రోస్‌కి టైటిల్ ఇచ్చింది తర్వాతి ఏప్రిల్‌లో. ఆడిన నెలలకి ఛాంపియన్ ఎవరో తెలిసిందన్నమాట.

ఇలా ఉంటే గొడవలు రాకుండా ఉంటాయా? 1921లో బఫెలో టీం చికాగో స్టేలీస్‌ని 7-6తో ఓడించి, ఇక సీజన్ అయిపోయిందన్న లెక్కలో ఉండి, ఏదో సరదా మ్యాచ్ అనుకుంటూ డిసెంబరులో మళ్ళీ వాళ్ళతోనే ఆడి 10-7తో ఓడిపోయింది. స్టేలీస్ దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే అన్నారు. లీగ్ వాళ్ళ మాటే విని టైటిల్ ఇచ్చేసింది. ఆ స్టేలీసే తర్వాతి ఏడాది నుంచి చికాగో బేర్స్. వాళ్ళ తొమ్మిది టైటిల్స్‌లో మొదటిది ఇదే, బఫెలో వాళ్ళకి మాత్రం మంట చల్లారలేదు.

1925 ఇంకా ఘోరం. పెన్సిల్వేనియాలో బొగ్గు గనుల ఊరు పాట్స్‌విల్, ఆ ఊరి టీం మరూన్స్. వీళ్ళు చికాగో కార్డినల్స్‌ని వాళ్ళ ఊరికే వెళ్ళి 21-7తో కొట్టారు. టైటిల్ చేతికొచ్చినట్టే అనుకున్నారు. ఆ తర్వాత నోటర్‌డామ్ యూనివర్సిటీ పాత ఆటగాళ్ళ టీంతో ఫిలడెల్ఫియాలో ఒక మ్యాచ్ ఆడారు, గెలిచారు కూడా. కానీ ఫిలడెల్ఫియా వేరే ఎన్ఎఫ్ఎల్ టీం పరిధి, అక్కడ ఆడొద్దని లీగ్ ముందే చెప్పింది. అంతే, సస్పెన్షన్. కార్డినల్స్ ఈలోపు ఇంకో రెండు మ్యాచ్‌లు హడావుడిగా ఆడి గెలుపు శాతం పెంచుకున్నారు. అందులో ఒకదాంట్లో అవతలి టీం మనుషులు చాలక హైస్కూలు పిల్లల్ని దింపింది! రికార్డుల్లో 1925 ఛాంపియన్ కార్డినల్సే. 2003లో కూడా ఓనర్ల ముందుకి ఈ వ్యవహారం వచ్చింది, వాళ్ళు ఒప్పుకోలేదు. నన్నడిగితే ఆ టైటిల్ పాట్స్‌విల్‌దే. జాబితా రాసుకునేటప్పుడు మాత్రం కార్డినల్స్ అని రాసి పక్కన ఒక చుక్క పెట్టుకోండి.

ఇప్పుడు 1932. ఇది కాస్త నెమ్మదిగా చూడండి, కాగితం మీద లెక్క వేస్తే ఇంకా మంచిది. బేర్స్ 6 గెలిచి 1 ఓడి 6 టై చేశారు. పోర్ట్స్‌మత్ స్పార్టన్స్ 6 గెలిచి 1 ఓడి 4 టై చేశారు. గ్రీన్ బే ప్యాకర్స్ 10 గెలిచి 3 ఓడి 1 టై చేశారు. పది మ్యాచ్‌లు గెలిచినవాళ్ళే ముందుంటారు అనుకుంటాం కదా, కానీ అప్పట్లో టైలని అసలు లెక్కలోకే తీసుకునేవారు కాదు. టైలు తీసేస్తే బేర్స్‌కీ స్పార్టన్స్‌కీ ఏడింట ఆరు, అంటే 0.857. ప్యాకర్స్‌కి పదమూడింట పది, 0.769. ఇప్పటిలాగా టైకి అర గెలుపు ఇచ్చి ఉంటే ప్యాకర్స్‌కి పద్నాలుగింట పదిన్నర, 0.750 వచ్చి ఆ ఇద్దరికంటే పైన ఉండేవాళ్ళు. ఆ అర గెలుపు రూలు వచ్చింది 1972లో, నలభై ఏళ్ళు ఆలస్యంగా.

సరే, ఇద్దరూ సమానం కాబట్టి ఇంకో మ్యాచ్ పెట్టారు. చికాగోలో మంచు, విపరీతమైన చలి, దాంతో ఆటని లోపలికి, చికాగో స్టేడియంలోకి మార్చారు. అక్కడ అంతకుముందే సర్కస్ ఆడింది, ఆ మట్టి అలాగే ఉంది. మైదానం పొడవు 80 గజాలే. బేర్స్ ఆటగాడు బ్రాంకో నగుర్‌స్కీ బంతితో ముందుకి దూకబోతున్నట్టు కనిపించి, ఆగి, తన టీంలోనే ఉన్న రెడ్ గ్రాంజ్‌కి పాస్ వేశాడు, టచ్‌డౌన్, అంటే బంతి అవతలి చివరి గీత దాటింది. పాస్ వేయాలంటే ఆట మొదలైన గీతకి ఐదు గజాలు వెనక ఉండాలని అప్పటి రూలు, నగుర్‌స్కీ అంత వెనక లేడని స్పార్టన్స్ మొత్తుకున్నారు, ఎవరూ వినలేదు. బేర్స్ 9-0తో గెలిచారు. ఇంకో దారుణం, ఈ మ్యాచ్‌ని మామూలు సీజన్ మ్యాచ్‌గానే లెక్కేశారు కాబట్టి ఓడిన స్పార్టన్స్ రెండో స్థానం కూడా పోగొట్టుకుని మూడోస్థానానికి పడిపోయారు.

ఈ మ్యాచ్ చూశాకే లీగ్‌కి ఫైనల్ అనే ఆలోచన గట్టిగా పట్టుకుంది. 1933లో టీంలని రెండు డివిజన్లుగా విడగొట్టి, రెండింట్లో మొదటివాళ్ళకి ఫైనల్ పెట్టారు. పాస్ రూలు కూడా సడలించారు. రెండో ముక్క ఇక్కడ మొదలు.

రెండో ముక్క చదవడం తేలిక, ఏడాదికి ఒక ఫైనల్, ఒక స్కోరు. మూడు మ్యాచ్‌లు గుర్తుంటే మిగతావి వాటి చుట్టూ సర్దుకుంటాయి. 1934లో న్యూయార్క్ జెయింట్స్ మంచుగడ్డ కట్టిన మైదానంలో జారిపడుతూ హాఫ్ టైంకి 10-3తో వెనకబడ్డారు, ఎవరో కాలేజీకి వెళ్ళి మామూలు రబ్బరు బూట్లు మోసుకొచ్చారు, అవి వేసుకుని చివరి క్వార్టర్లో 27 పాయింట్లు కొట్టి 30-13తో గెలిచారు. అప్పటిదాకా ఒక్క మ్యాచ్ ఓడని బేర్స్ మీద! 1940లో బేర్స్ వాషింగ్టన్‌ని 73-0తో కొట్టారు, మూడు వారాల ముందు అదే వాషింగ్టన్ చేతిలో 7-3తో ఓడి వచ్చి మరీ. 1958లో బాల్టిమోర్ కోల్ట్స్ 23-17తో జెయింట్స్‌ని ఓవర్‌టైంలో ఓడించారు, ఫైనల్ ఓవర్‌టైంకి వెళ్ళడం అదే మొదటిసారి. టీవీలో చూసిన జనానికి ఈ ఆట పిచ్చి పట్టింది ఆ రోజు నుంచే అంటారు.

ఈ ముక్కలోనే ఒక పక్క దారి ఉంది. 1946 నుంచి 1949 దాకా ఏఏఎఫ్‌సీ అనే పోటీ లీగ్ నడిచింది, ఆ నాలుగు టైటిల్సూ క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌వే. బలహీనమైన లీగ్‌లో గెలిచారులే అని ఎన్ఎఫ్ఎల్ వాళ్ళు తీసిపారేశారు. 1950లో బ్రౌన్స్ ఎన్ఎఫ్ఎల్‌లోకి వచ్చి మొదటి ఏడాదే 30-28తో రామ్స్‌ని ఓడించి టైటిల్ పట్టుకెళ్ళారు.

మూడో ముక్క నాలుగేళ్ళే, అందరూ బోల్తా పడేది ఇక్కడే. 1960లో ఏఎఫ్ఎల్ అని ఇంకో పోటీ లీగ్ వచ్చింది. 1966లో రెండు లీగులూ కలవడానికి ఒప్పుకున్నాయి కానీ పూర్తిగా కలిసింది 1970లో. మధ్య నాలుగేళ్ళూ ఎన్ఎఫ్ఎల్‌కి ఒక ఛాంపియన్, ఏఎఫ్ఎల్‌కి ఒక ఛాంపియన్, ఆ ఇద్దరికీ పైన సూపర్ బౌల్. అంటే ఎన్ఎఫ్ఎల్ ఛాంపియన్ అయి కూడా సూపర్ బౌల్ ఓడిపోవచ్చు. 1968లో కోల్ట్స్‌కి జరిగింది అదే. ఎన్ఎఫ్ఎల్ ఫైనల్‌ని 34-0తో గెలిచి, సూపర్ బౌల్‌లో జెట్స్ చేతిలో 16-7తో ఓడారు. గెలుపు మాదే, నాదీ గ్యారంటీ అని జెట్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే పాసులు వేస్తూ ఆట నడిపించే ఆటగాడు, జో నేమత్ ముందే చెప్పిన మ్యాచ్ అది.

ప్యాకర్స్ టైటిల్స్ లెక్కపెట్టేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. 1967 దాకా ఎన్ఎఫ్ఎల్ టైటిల్స్ 11, సూపర్ బౌల్స్ 4, మొత్తం 15 అని రాసి పరువు పోగొట్టుకున్నాను. 1966, 1967 సీజన్లు రెండు లెక్కల్లోనూ ఉన్నాయి కాబట్టి మొత్తం 13. అయినా అందరికంటే అవే ఎక్కువ.

1970 తర్వాత అంతా సాఫీ. కలిసిన లీగ్‌ని ఏఎఫ్‌సీ, ఎన్ఎఫ్‌సీ అని రెండు కాన్ఫరెన్సులు చేశారు, ఇద్దరు విజేతలకీ సూపర్ బౌల్, గెలిచినవాడే ఛాంపియన్. ఏడాదికొక పేరు వల్లించే బదులు దశాబ్దానికొక టీం పెట్టుకోండి. డెబ్బైల్లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆరేళ్ళలో నాలుగు, ఎనభైల్లో శాన్ ఫ్రాన్సిస్కో నాలుగు, తొంభైల్లో డాలస్ మూడు, ఆ తర్వాత పేట్రియాట్స్ మొదట మూడు, పదేళ్ళ గ్యాప్ ఇచ్చి ఇంకో మూడు, ఆ తర్వాత చీఫ్స్ మూడు. 1984 నుంచి 1996 సీజన్ దాకా వరసగా 13 సార్లు ఎన్ఎఫ్‌సీ టీమే గెలిచిందని గుర్తుంటే ఆ కాలంలో సగం పేర్లు కొట్టేయొచ్చు. ఒక్క ఓటమీ లేకుండా సూపర్ బౌల్ గెలిచింది 1972 మయామీ డాల్ఫిన్స్ మాత్రమే, 17-0. 2007 పేట్రియాట్స్ 18-0తో వచ్చి చివరి మ్యాచ్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడారు.

ఊళ్ళ సంగతి చూసుకోకపోతే మాత్రం ఇక్కడా దెబ్బ తింటారు. అమెరికాలో ఓనరు టీంని వేరే ఊరికి తీసుకెళ్ళిపోతాడు, టైటిల్స్ మామూలుగా టీంతోనే వెళ్తాయి. రామ్స్ క్లీవ్‌లాండ్‌లో 1945లో, లాస్ ఏంజెలెస్‌లో 1951లో, సెయింట్ లూయిస్‌లో 1999లో, మళ్ళీ లాస్ ఏంజెలెస్‌లో 2021లో గెలిచారు, నాలుగూ ఒకే టీంవి. హ్యూస్టన్ ఆయిలర్స్ గెలిచిన రెండు ఏఎఫ్ఎల్ టైటిల్స్ ఇప్పటి హ్యూస్టన్ టెక్సన్స్‌వి కావు, టెనెసీ టైటన్స్‌వి. దీనికి పెద్ద మినహాయింపు బ్రౌన్స్. 1996లో ఓనరు ఆటగాళ్ళతో సహా బాల్టిమోర్ వెళ్ళి రేవెన్స్ పెట్టుకున్నాడు, పేరూ రంగులూ చరిత్రా క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోయాయి. కాబట్టి 1964 టైటిల్ బ్రౌన్స్‌ది, 2000 సీజన్ సూపర్ బౌల్ రేవెన్స్‌ది, కలపకండి.

నోట్‌బుక్‌లో గళ్ళు గీసుకునేటప్పుడు సీజన్, లీగ్, ఛాంపియన్, మ్యాచ్ తేదీ, ఇప్పుడు ఆ టీం ఎక్కడుంది అని ఐదు పెట్టండి. 1966 నుంచి 1969 దాకా ఒక్కో సీజన్‌కి మూడు వరసలు వదలండి. నింపడం 1969తో మొదలుపెట్టండి. ఎన్ఎఫ్ఎల్, వైకింగ్స్. ఏఎఫ్ఎల్, చీఫ్స్, అదీ తమ డివిజన్లో రెండో స్థానంలో నిలిచి. సూపర్ బౌల్, 1970 జనవరి, చీఫ్స్ 23-7తో వైకింగ్స్ మీద. మరి నేను చెప్పిన జెట్స్ ఏమయ్యారు అంటారా, వాళ్ళు గెలిచింది 1969 జనవరి 12న, కాబట్టి వాళ్ళు పై వరసలో, 1968లో ఉంటారు.