తుపాను తర్వాత తేలే నాచు ఏమైంది? ఉపగ్రహ చిత్రాల్లో చూసే పద్ధతి

తుపాను వెళ్లాక తీసిన ఉపగ్రహ చిత్రంలో నాచు కనిపించలేదంటే అది నాశనమైందని రాసేయకండి. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో దీన్ని ప్రాజెక్టుగా తీసుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇదే.

అట్లాంటిక్‌లో దొరికే సర్గాసం నటాన్స్, సర్గాసం ఫ్లూయిటాన్స్ అనే రెండు రకాలు దేనికీ అంటుకోకుండా జీవితమంతా నీటిపైనే తేలుతాయి. వాయువు నిండిన చిన్న చిన్న బుడిపెలు వాటిని పైకి ఎత్తి ఉంచుతాయి. 2018 జూన్‌లో ఈ నాచు పట్టీ పశ్చిమాఫ్రికా నుంచి మెక్సికో సింధుశాఖ దాకా 8,850 కిలోమీటర్ల పొడవున పరుచుకుంది. తుపాను అలలు ఈ నాచు బారులను తెంపి, ముద్దలను నీటి అడుగుకు తోస్తాయి. గాలి తగ్గితే చాలావరకు మళ్లీ పైకి తేలుతుంది. మరీ లోతుకు పోయిన నాచు మాత్రం ఒత్తిడికి బుడిపెల్లోని వాయువు పోగొట్టుకుని మునిగిపోతుంది. కొంత ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ముక్కలైనంత మాత్రాన చచ్చిపోదు, ఈ రెండు రకాలూ పెరిగేదే ముక్కల ద్వారా. పైగా తుపాను అడుగునున్న చల్లటి, పోషకాలున్న నీటిని పైకి తెస్తుంది కాబట్టి తర్వాతి వారాల్లో నాచు పెరిగే వీలూ ఉంది.

ముందు కృష్ణా నది దగ్గర ఈ పద్ధతిని సాధన చేయండి. యూరప్ ఉపగ్రహ చిత్రాలు చూపే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిచి, సెంటినెల్-2 ఉపగ్రహాల ఎల్2ఎ చిత్రాలు (వాతావరణ ప్రభావం సవరించినవి) ఎంచుకుని, మబ్బుల పరిమితి 20 శాతం పెట్టండి. ప్రకాశం బ్యారేజీ ఎగువకు, తర్వాత కొల్లేరుకు వెళ్లి ఫాల్స్ కలర్ (కృత్రిమ రంగుల చిత్రం) నొక్కితే నీరు నల్లగా, పచ్చదనం ఎర్రగా కనిపిస్తుంది. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం తేటగా ఉంటుంది, ఆ నెలలే తీసుకోండి. అదే వారంలో గట్టు మీదికి వెళ్లి, ఎర్రగా ఉన్నచోట నిజంగా గుర్రపుడెక్కే ఉందో, ఒడ్డున పెరిగే జమ్ము ఉందో కళ్లారా చూడండి. కరిబియన్‌లో ఈ అవకాశం ఉండదు కాబట్టి ఈ మెట్టు వదలొద్దు.

సముద్రంలో దీవుల చుట్టుపక్కలే వెతకండి. సెంటినెల్-2 నడిసంద్రాన్ని సాధారణంగా చిత్రించదు. 2024 జూలై 1న బెరిల్ తుపాను తీరం తాకిన, కరిబియన్‌లోని గ్రెనడా దేశపు కరియాకూ దీవి మంచి ఉదాహరణ. అన్ని తేదీలకూ ఒకే చతురస్రపు హద్దు గీసి, తుపానుకు ముందు పది రోజుల లోపు చిత్రం ఒకటి, తర్వాత వారంలోపు ఒకటి, మూడో వారంలో ఇంకొకటి తీయండి. తుపాను రోజుల చిత్రాలు పనికిరావు. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ రోజుల్లో మన ఆకాశాన్ని మబ్బులు ఎలా కమ్మాయో గుర్తుంటే కారణం చెప్పక్కర్లేదు.

ప్రతి చిత్రానికీ ఈ లెక్క వేయండి. ఇందులో బి4 ఎరుపు కాంతి, బి8 సమీప పరారుణ కాంతి, బి11 హ్రస్వ తరంగ పరారుణ కాంతి పట్టీ (బ్యాండ్):

బి8 − బి4 − 0.187 × (బి11 − బి4)

ఫలితం చుట్టుపక్కల నీటికంటే స్పష్టంగా ఎక్కువైతే అక్కడ తేలే పదార్థం ఉండొచ్చు. 0.187 అన్నది ఈ మూడు పట్టీల తరంగదైర్ఘ్యాల నుంచి వచ్చింది, దాన్ని మార్చొద్దు. బి11 చిత్రబిందువు (పిక్సెల్) 20 మీటర్లది, మిగతావి 10 మీటర్లవి. అందుకే సన్నని బారులు కాస్త అలికినట్టు కనిపిస్తాయి.

ఎక్కువగా మోసం చేసేది గాలి. చిత్రం తీసిన సమయానికి, అంటే స్థానిక కాలమానం ప్రకారం ఉదయం 10:30 ప్రాంతంలో, గాలి వేగం ఎంతో ప్రతి తేదీకీ రాసుకోండి. సెకనుకు 7 మీటర్లు దాటితే తెల్లనురగ విరివిగా లేస్తుంది, నాచు నీళ్లలో కలిసిపోతుంది. ముందు చిత్రం నిశ్చలమైన రోజుది, తర్వాతది గాలి రోజుది అయితే ఆ పోలికను పక్కన పడేయండి. నురగ అన్ని పట్టీల్లోనూ మెరుస్తుంది, నాచు మాత్రం బి4లో మసకగా, బి8లో వెలుగుగా ఉంటుంది. మబ్బుల అంచులు, ఓడ వెనుక చాలు, నీటిపై సూర్యుడి తళుకు కూడా నాచులా భ్రమింపజేస్తాయి. ఇదే పని బంగాళాఖాతంలో చేస్తే ట్రైకోడెస్మియం అనే సూక్ష్మజీవుల తెట్టు కూడా ఇలాగే కనిపించవచ్చు.

విస్తీర్ణం లెక్కగట్టేటప్పుడు ఒక్కో చిత్రబిందువుకు 100 చదరపు మీటర్లు వేసి కూడితే అసలుకంటే ఎక్కువొస్తుంది, ఎందుకంటే అందులో చాలావాటిలో నాచు కొంత భాగమే. దాన్ని టన్నుల్లోకి మార్చకండి. తేదీ, గాలి వేగం, మబ్బుల శాతం, నాచు బిందువుల సంఖ్య అని నాలుగు గడుల పట్టిక చాలు. మూడో వారం చిత్రంలో సంఖ్య మళ్లీ పెరిగితే మునిగింది తేలిందా, కొత్తగా పెరిగిందా, ప్రవాహం ఎక్కణ్నుంచో తెచ్చిందా అన్నది ఈ చిత్రాలతో తేలదు. నివేదికలో ఆ మూడింటినీ రాయండి.