ఫ్లాటుకు కట్టే సొంత సొమ్ము: రెండేళ్ల లోపు ఎక్కడ దాచుకోవాలి

విశాఖపట్నంలోని మధురవాడలోనో కొమ్మాదిలోనో 60 లక్షల ఫ్లాటు కొనాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది వడ్డీ రేటును కాదు, ఏ తేదీకి ఎంత సొమ్ము కావాలన్నది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహరుణం ఆస్తి విలువలో 80 శాతానికి మించకూడదు కనుక, 12 లక్షలు మన చేతి నుంచే రావాలి. ఆ విలువలో రిజిస్ట్రేషను ఖర్చులను కలపరు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషను రుసుము 1 శాతం, అంటే 60 లక్షల మీద మరో నాలుగున్నర లక్షలు. చాలామంది మరచిపోయేది ఈ రెండో లెక్కనే.

ఈ పదహారున్నర లక్షలు ఒకేసారి అవసరపడవు. బయానాకు ఇచ్చే లక్షో రెండు లక్షలో పొదుపు ఖాతాలోనే ఉండాలి. కొత్తగా కడుతున్న ఫ్లాటయితే, అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి తీసుకునే హక్కు రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం బిల్డరుకు లేదు కాబట్టి, ఆ ఒప్పందం నాటికి కావలసిన భాగాన్నీ, రిజిస్ట్రేషను నాటికి మిగతా భాగాన్నీ విడివిడి ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేసుకోవడం మంచిది. నేను ఒకప్పుడు 8 లక్షలను ఒకే రసీదుగా వేశాను. ఏడో నెలలో బయానాకు లక్షన్నర కావలసి వచ్చి మొత్తం డిపాజిట్టును రద్దు చేసుకున్నాను. ఏడాది వడ్డీకి బదులు గడిచిన నెలలకు వర్తించే రేటే ఇచ్చి, అందులోంచి ఒక శాతం కోత వేశారు. రెండేసి లక్షలుగా నాలుగు రసీదులు తీసుకుని ఉంటే ఒక్కటి మాత్రమే తెంచవలసి వచ్చేది.

ఎక్కువ వడ్డీ కోసం చిన్న బ్యాంకుకు వెళ్లేవారు గుర్తుంచుకోవలసిన హద్దు ఒకటి ఉంది: ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా వర్తిస్తుంది. 10 లక్షల మీద అర శాతం తేడా ఏడాదికి 5,000 రూపాయలే. దాని కోసం బీమా హద్దు దాటడం నాకు సమ్మతం కాదు.

తేదీ ఇంకా తేలనివారికి లిక్విడ్ ఫండ్ (స్వల్పకాలిక రుణపత్రాల్లో సొమ్ము పెట్టే మ్యూచువల్ ఫండ్) అనుకూలం. ఏడో రోజు నుంచి ఎగ్జిట్ లోడ్ (ముందుగా తీసుకుంటే వేసే కోత) ఉండదు, సొమ్ము సాధారణంగా మరుసటి పనిదినానికి ఖాతాలో పడుతుంది. అయితే హామీ లేదు, లాభం మీద మీ ఆదాయపు పన్ను శ్లాబు ప్రకారమే పన్ను పడుతుంది. పోస్టాఫీసు టైమ్ డిపాజిట్టును ఆరు నెలల లోపు తీయడానికి వీలుండదు. పన్ను ఆదా డిపాజిట్టుకు ఐదేళ్ల గడువు ఉంది కనుక దాని జోలికి పోవద్దు. చీటీని తొందరగా పాడుకుంటే పాటలో పోయే సొమ్ము వడ్డీని మించవచ్చు. షేర్ల సంగతికి వస్తే, 2020లో జనవరి నుంచి మార్చి లోపు షేర్ల సూచీ నిఫ్టీ మూడో వంతుకు పైగా పడిపోయింది. రిజిస్ట్రేషను తేదీ మార్కెట్టు కోలుకునేదాకా ఆగదు.

డిపాజిట్టు వేసేటప్పుడు గడువు తీరాక ఏం చేయాలో అడిగే గడి దగ్గర తప్పక ఆగండి. చాలాచోట్ల ‘తిరిగి కొనసాగించు’ అన్నది ముందే ఎంచి ఉంటుంది. దాన్ని మార్చి, సొమ్ము పొదుపు ఖాతాకు చేరేలా పెట్టి, రిజిస్ట్రేషనుకు కనీసం వారం ముందు గడువు తీరేలా చూసుకోండి.